మేనల్లుడి చదువు సంగతి, మా పిన్ని పని సంగతి

కాశీబుగ్గ,
ఆదివారం.

ఒరేయ్ బావా,

నీ మెసేజ్‌కి ఫోన్లోనే జవాబు చెప్పేద్దామనుకున్నాను. కానీ నువ్వు అడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు. అక్క కొడుకు పది పాసయ్యాడు, ఇంటరా, పాలిటెక్నిక్కా, ఐటీఐయా? ఏఐ వచ్చి అన్ని ఉద్యోగాలూ మింగేస్తుందంటున్నారు, ఏం చదివిస్తే ఇరవై ఏళ్లు ఢోకా ఉండదు? ఇదే కదా నీ టెన్షన్? ఇరవై ఏళ్లు గ్యారంటీ ఉన్న చదువు ఏ కాలేజీలోనూ అమ్మట్లేదురా. ఐటీఐలో పిల్లలకి ఎలక్ట్రీషియన్ ట్రేడు చెప్పుకునేవాణ్ణి, నాకు తెలిసినంత రాస్తాను. ముందు అక్కని కంగారు పడొద్దని చెప్పు.

వాడి సంగతికి ముందు మా పిన్ని సంగతి చెప్పాలి. చిన్నప్పుడు మన జేబుల్లో జీడి పలుకులు పోసి పంపేది చూడు, ఆ పిన్నే. పెళ్లయి పలాస వచ్చిన దగ్గర్నుంచీ ఆవిడ బతుకంతా జీడి బట్టీలోనే. మొదట్లో పిక్కలు కొట్టేది. పిక్క పెంకులో ఉండే జీడి నూనె తగిలి వేళ్లు నల్లబడి, పొక్కిపోయి ఉండేవి. కటింగ్ మిషన్లు వచ్చాక ఆ పని మగపిల్లల చేతికి వెళ్లింది, ఈవిడ పొర తీయడానికి మారింది. పొర తీసే మిషన్లూ వచ్చాయి, గ్రేడింగ్‌లో కూర్చుంది. గుండు (పూర్తి పప్పు), బద్ద (సగం చీలినది), పలుకు (ముక్క) వేరు చేయడం చూసేవాళ్లకి తేలికగా కనిపిస్తుంది. కానీ డబ్ల్యూ 240 అనే గ్రేడు అంటే పౌండుకి (అరకిలోకి కాస్త తక్కువ) 220 నుంచి 240 గుండ్లు తూగాలి, 320 అంటే 300 నుంచి 320. పిన్ని గుప్పెట్లోకి తీసుకుని చెప్పేసేది, తూకం అక్కర్లేదు.

ఇప్పుడు అక్కడ కలర్ సార్టర్ పెట్టారు. పప్పు పైనుంచి జారుతుంటే కెమెరా ఒక్కో గింజనీ చూస్తుంది. మచ్చ ఉన్నదాన్ని గాలి ఊది పక్క తొట్టిలోకి నెట్టేస్తుంది. నువ్వు బెంగళూరులో ఏఐ, ఏఐ అంటుంటావే, ఆ కుటుంబంలోదే ఇది, కాకపోతే గోనెసంచుల మధ్య ఉంటుంది కాబట్టి ఎవరూ ఆ పేరు పెట్టి పిలవరు.

నాకు నిద్రపట్టనివ్వని ముక్క ఇక్కడుంది. మిషను బిగించిన కొత్తలో మంచి పప్పు కూడా బోలెడు రిజెక్టులో పడిపోయింది. మిషన్ని నడిపే బటన్ల ప్యానెల్ దగ్గర కూర్చున్న డిప్లొమా కుర్రాడికి ఎందుకో అంతుపట్టలేదు. పక్కనే నిలబడ్డ పిన్ని చూసి, ఇది మాడింది కాదు బాబూ, ఈ లోడు పిక్కే కాస్త పసుపు ఛాయ, దీన్ని తోసేస్తే నష్టమే అంది. ఆ కుర్రాడికి జీడి తెలీదు, పిన్నికి ప్యానెల్ తెలీదు. ఆ స్క్రీను మీద తెలుగక్షరం ఒక్కటీ లేదు. పని ఆగకుండా చూసింది పిన్ని కన్ను, జీతం పెరిగింది కుర్రాడికి. ఆవిణ్ణి మాత్రం మిషను వదిలేసిన పప్పు చూడ్డానికి వారంలో రెండు మూడు రోజులు రమ్మంటున్నారు. ఓనరు చెడ్డవాడేం కాదు. ఆయనకి తట్టలేదు, అంతే.

ఏటా ఎవరో ఒకరు లెక్కలు చెబుతారు. ప్రపంచ ఆర్థిక వేదిక 2025లో వేసిన నివేదికలో 2030 నాటికి 17 కోట్ల కొత్త ఉద్యోగాలు వస్తాయని, 9.2 కోట్లు పోతాయని అంచనా. కూడికలు తీసివేతలు చేసి 7.8 కోట్లు లాభం అన్నారు. సరే, లాభమే. పోయేది కాశీబుగ్గలో పిన్నికి, వచ్చేది మీ బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఇంకెవరికో అయితే ఆ తీసివేత ఎవరి ఖాతాలో చేయాలి? అదే నివేదికలో ఇంకో మాట ఉంది, పేపర్లవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ప్రపంచంలో పనివాళ్లు 100 మందే అనుకుంటే 2030 లోపు 59 మందికి మళ్లీ శిక్షణ కావాలి, అందులో 11 మందికి అది దొరికేలా లేదు. ఆ పదకొండు మందిలో మన ఊరివాళ్లే ఎక్కువుంటారని నా అనుమానం.

మన దేశంలో శిక్షణ పథకాలు లేవా అంటే, లేకేం. 2014లో మొదలైన దీనదయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన చూడు, పల్లెటూరి వాళ్లకి పని నేర్పే పథకం. వయసు 15 నుంచి 35, ఆడవాళ్లకైతే 45 దాకా. పిన్నికి 50 దాటాయి. సింగపూర్‌లో ఏం చేశారంటే, 2016లో పాతికేళ్లు నిండిన ప్రతి పౌరుడికీ చదువు ఖర్చుకని 500 సింగపూర్ డాలర్లు ఖాతాలో వేశారు. 2024లో నలభై దాటినవాళ్లకి ఇంకో 4,000 వేశారు. అంతకంటే నాకు నచ్చింది 2025లో వచ్చిన ఏర్పాటు. పని మానుకుని ఫుల్‌టైమ్ కోర్సుకి వెళ్లే నలభై దాటినవాళ్లకి, అంతకుముందు సంపాదనలో సగం, నెలకి 3,000 డాలర్లకి మించకుండా భత్యం ఇస్తారు. వాళ్లది డబ్బున్న చిన్న దేశం, మనతో పోలికేమిటి అంటావు. డబ్బు సంగతి ఒప్పుకుంటాను. కానీ మనవాళ్లు ఫీజు మాఫీ చేసి ఊరుకుంటారు. కిలోకింత అని కూలి తీసుకునే మనిషికి ఫీజు ఒక లెక్కా? క్లాసుకి వచ్చిన పూట పోయే కూలే అసలు ఖర్చు. నేను ఇన్నాళ్లుగా పాఠాలు చెబుతూ గట్టిగా నమ్మింది ఏదైనా ఉంటే ఇదే.

బడుల సంగతీ చెప్పాలి. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి పది రోజులు సంచీ లేని బడి అని పెట్టారు. వడ్రంగి, కుమ్మరి, ఎలక్ట్రీషియన్ లాంటివాళ్ల దగ్గర పని చూసి నేర్చుకోవాలని ఉద్దేశం. మా అమ్మాయి బడిలో ఆ రోజుల్లో కాగితం పువ్వులు చేయించి ఫొటోలు తీశారు. ఊరి నిండా జీడి ఫ్యాక్టరీలు పెట్టుకుని!

ఇక మీవాడు. సీఎస్ఈ, అంటే కంప్యూటర్ సైన్స్ తప్ప ఇంకేదైనా చదివితే పరువు పోతుందని మీ బావగారు అంటున్నారన్నావు. ఆయనకి నచ్చజెప్పడం నా వల్ల కాదు. నాకైతే బ్రాంచి ముఖ్యం కాదు. జర్మనీలో పిల్లాడు వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, మిగతా ఒకటి రెండు రోజులు బడిలో ఉంటాడు, కోర్సుని బట్టి రెండు నుంచి మూడున్నరేళ్లు అలా సాగుతుంది. మీవాణ్ణి ఏ కాలేజీలో చేర్చినా, కోర్సులో ఎన్ని నెలలు నిజంగా పనిచేసే చోట ఉంచుతారో ముందు అడగండి. ఫ్లెక్సీ చూసి చేరొద్దు. చేతిపని అంటే వాడికి ఇష్టమైతే మా ట్రేడు తక్కువదేం కాదు. 2024లో సూర్యఘర్ పథకం పెట్టారుగా, కోటి ఇళ్ల మీద సోలారు ప్యానెళ్లంటున్నారు. వాటిని బిగించాలన్నా, ఇన్వర్టర్ మొరాయిస్తే చూడాలన్నా మనిషి మేడ ఎక్కాల్సిందే. లెక్కలు మాత్రం వదలొద్దను. మా దగ్గర మోటార్ వైండింగ్ బాగా చేసే కుర్రాళ్లు కూడా మోటార్ వేగం మార్చే కొత్త డ్రైవుల దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది చేతిలో పనితనం లేక కాదు, లెక్క రాక.

నీకో పని చెబుతున్నాను, తప్పించుకోకు. గ్రేడింగ్ ఆడవాళ్లకి సాయంత్రం పూట ఆ సార్టర్ ప్యానెల్ నేర్పిద్దామని ఓనరుని కదిపాను. పగలైతే కూలి ఇవ్వాల్సి వస్తుందని సాయంత్రం అన్నాడు. సాయంత్రం వంటలు ఎవరు చేస్తారని పిన్ని అడిగింది. చివరికి సగం పూట కూలి ఇస్తానన్నాడు, ఇంకా బేరం నడుస్తోంది. ఈలోగా మాన్యువల్ పేజీలు ఫొటోలు తీసి పంపుతున్నాను. ప్యానెల్ పక్కన అంటించడానికి ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో తెలుగులో రాసి పంపు. నీ సాఫ్ట్‌వేర్ భాష వద్దు, పిన్నికి అర్థమయ్యేలా రాయి. దసరాకి వస్తావుగా, మేనల్లుణ్ణి కూడా తీసుకురా, ఆ మిషను చూపిస్తాను. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
బావ