క్యాన్సర్ ఉన్న ఇంటి పిల్ల అని సంబంధం వదులుకుంటారా?

సంపాదకుల వారికి,

మా కోనసీమ వైపు సంబంధాలు మాట్లాడేటప్పుడు ఈమధ్య ఒక వాకబు ఎక్కువైంది, వాళ్లింట్లో ఎవరికైనా క్యాన్సర్ ఉందా అని. ఉందంటే ముహూర్తాల దాకా వచ్చినవి కూడా ఆగిపోతున్నాయి. అదే పెద్దవాళ్లు అక్క కూతుర్ని తమ్ముడికి చేసేటప్పుడు మాత్రం ఒక్క రక్తపరీక్ష అడగరు, కొబ్బరితోట బయటికి పోకుండా ఉంటే చాలు.

జన్యువుల్లో మార్పు, అదే మ్యుటేషన్, ఒంట్లో ఏ కణంలోనైనా రావచ్చు. పిల్లలకి చేరాలంటే మాత్రం అది అండంలోనో శుక్రకణంలోనో ఉండాలి. ఏళ్ల తరబడి చుట్ట కాల్చిన తాతగారికి బుగ్గలో క్యాన్సర్ వస్తే, పొగ వల్ల వచ్చిన ఆ మార్పులు బుగ్గ కణాల్లోనే పుట్టి ఆయనతోనే పోతాయి, మనవలకి రావు (చుట్ట అలవాటు వస్తే అది వేరే సంగతి). మొక్కల్లో అలా కాదు, కడియం నర్సరీల వాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, క్రోటన్‌లో ఒక్క కొమ్మకి ఆకు రంగు మారినా ఆ కొమ్మ కోసి నాటి కొత్త రకంగా పెంచుకోవచ్చు. మనిషిలో అండం, శుక్రకణం తయారుచేసే కణాలు తల్లి కడుపులో ఉండగానే విడిపోతాయి కాబట్టి బుగ్గలో జరిగింది అక్కడికి చేరదు.

వంశంలో వచ్చే క్యాన్సర్ అసలు లేదని కాదు. రొమ్ము క్యాన్సర్లలో 100కి 5 నుంచి 10 దాకా అలాంటివే, బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 లాంటి జన్యువుల్లో లోపం వల్ల వచ్చేవి. ఆ లోపం ఉన్నవాళ్ల పిల్లల్లో ఒక్కొక్కరికి అది వచ్చే అవకాశం సగం, వచ్చినా క్యాన్సర్ ఖాయం కాదు. పైగా తండ్రి వైపు నుంచీ రావచ్చు, మరి పిల్లవాడి మేనత్తల సంగతి ఆరా తీసేవాళ్లని నేనింతవరకు చూడలేదు. ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి, అదీ చిన్న వయసులో వచ్చి ఉంటే అడగాల్సింది డాక్టరుని, పెళ్లిళ్ల పేరయ్యని కాదు.

ఇక మేనరికం. తలసేమియా అనే రక్తపు జబ్బు తెచ్చే లోపం ఒక్క వైపు నుంచే వస్తే మనిషి మామూలుగానే తిరుగుతాడు, మహా అయితే కాస్త రక్తం తక్కువంటారు. భార్యాభర్తలిద్దరికీ ఉంటేనే చిక్కు, ప్రతి కాన్పులోనూ బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, అలా పుట్టిన బిడ్డకి జీవితాంతం రక్తం ఎక్కిస్తూ ఉండాల్సి రావచ్చు. మొదటి బిడ్డకి వచ్చేసింది కదా, తర్వాతి ముగ్గురికీ రాదులే అనుకునేవాళ్లున్నారు, ఆ లెక్క తప్పు. మేనమామకీ మేనకోడలికీ జన్యువుల్లో దాదాపు నాలుగో వంతు ఉమ్మడి, బావామరదళ్లకి ఎనిమిదో వంతు, అందుకే దాగున్న లోపాలు ఇక్కడ ఎదురుపడతాయి. బయటి సంబంధంలోనూ ఇది జరగొచ్చు, తక్కువ అంతే.

అసలు ఏ వైపు నుంచీ రానివీ ఉన్నాయి. బిడ్డ ఎదుగుదల, తెలివి మందగించే డౌన్ సిండ్రోమ్ చాలావరకు అప్పటికప్పుడు ఒక క్రోమోజోమ్ (జన్యువులుండే పోగు) ఎక్కువై వచ్చేదే, దానికీ కోడలి పుట్టింటినే తిడతారు!

జాతకాలతో పాటు, తలసేమియా లోపం ఉందేమో చూసే హెచ్‌బీ ఏ2 పరీక్ష రిపోర్టు కూడా అడగండి, మామూలు రక్తపరీక్షే అది. పెళ్లి అయిపోయినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, నెల తప్పగానే ఇద్దరూ చేయించుకోండి. ఇద్దరికీ లోపం ఉందని తేలితే 11 వారాలు దాటాక కడుపులో బిడ్డకీ పరీక్ష చేసే వీలుంది, ఆ మాట డాక్టరుతో ముందే చెప్పి ఉంచుకోవాలి.

– ఒక పాఠకురాలు, రాజోలు