కళింగపట్నం నుంచి బారువ దాకా

విశాఖపట్నం,
కార్తీక మాసం.

ప్రియమైన శేఖర్‌కు,

నీ ఉత్తరం అందింది. సంక్రాంతి సెలవులకు ఈసారి గోవా వద్దనుకుంటున్నావనీ, పిల్లలకు సముద్రం కావాలి గాని సముద్రం పక్కన జనసమ్మర్దం వద్దనీ, అమ్మకు శ్రీకూర్మం చూపించాలన్న కోరిక కూడా ఎప్పటినుంచో ఉండిపోయిందనీ రాశావు. నా దగ్గరకే వచ్చి దిగితే సరిపోతుందని రాద్దామనుకున్నాను గాని, పండగ రోజుల్లో ఆర్కే బీచిలోనూ ఋషికొండలోనూ కాలు పెట్టడానికి చోటుండదు. అందుచేత ఇంకా ఉత్తరానికి, శ్రీకాకుళం జిల్లాకు వెళ్ళమని నా సలహా. రాష్ట్రంలో అన్నిటికంటే పొడవైన తీరం ఉన్న జిల్లా అది, సుమారు 190 కిలోమీటర్లు. అంత తీరంలో సెలవులు గడపడానికని బయటినుంచి వచ్చేవాళ్ళు మాత్రం చాలా తక్కువ.

"ఎవరికీ తెలియని ఊరు ఏదైనా చెప్పు" అని అడిగావు చూడు, అక్కడ మాత్రం నీతో ఒప్పుకోలేను. నూరేళ్ళ కిందట రంగూన్ రేవులో బరువులు మోస్తున్న ఏ తెలుగు కూలీని అడిగినా భీమునిపట్నం, కళింగపట్నం, బారువ, గోపాలపురం అని ఈ పేర్లన్నీ వరసగా అప్పజెప్పి ఉండేవాడు. తీరం వెంట నడిచే పొగ ఓడలు ఆ రేవులన్నిటా ఆగేవి. ఒడ్డు దాకా వచ్చేంత లోతు లేదు గనుక అవి దూరంగా లంగరు వేసుకుంటే, మసులా పడవలు మనుషులనూ సరుకునూ అలల మీదుగా చేరవేసేవి. ఆ పడవలకు ఇనుప మేకులు ఉండేవి కావు. చెక్కపలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టేవారు, అల వచ్చి కొట్టినా పగలకుండా వంగి ఊరుకోవడానికి. 1893 నుంచి 1896 వరకు విజయవాడ కటకం మధ్య రైలుమార్గం పడడంతో ఈ రేవుల వ్యాపారం మెల్లగా పట్టాల మీదికి ఎక్కింది. 1933లో విశాఖపట్నం ఓడరేవు తెరుచుకున్నాక మిగిలినదీ పోయింది. ఇప్పుడు నీకు ప్రశాంతంగా కనిపించబోయే ఒడ్డు అలా ఖాళీ అయినదే. ఇంత చరిత్ర ముందే ఎందుకంటావేమో. ఇది తెలియకుండా వెళ్తే కళింగపట్నంలో ఒక లైట్‌హౌస్, కొంత ఇసుక, నాలుగు పడవలు చూసి, "ఇంతేనా?" అని అరగంటలో వెనక్కి తిరుగుతావని నా భయం.

సికింద్రాబాదులో ఫలక్‌నుమా ఎక్కితే శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగవచ్చు. ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలో, అసలు పట్నానికి అక్కడినుంచి ఆటోలో గాని బస్సులో గాని రావాలి. బస శ్రీకాకుళంలోనే పెట్టుకో. తీరపు ఊళ్ళలో పెద్ద హోటళ్ళేమీ ఉండవు, అమ్మను తీసుకుని వెళ్తున్నప్పుడు వేడినీళ్ళు దొరికే గది ముఖ్యం.

మొదటి రోజు గార మండలం చాలు. శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం మూడూ ఆ ఒక్క మండలంలోనే ఉన్నాయి. శ్రీకూర్మంలో స్వామి పడమటి ముఖంగా ఉంటాడు, అందుచేత గుడికి తూర్పున ఒకటి, పడమట ఒకటి, రెండు ధ్వజస్తంభాలు ఉన్నాయి. మండపం స్తంభాల నిండా ఈ ప్రాంతాన్ని ఏలిన గాంగ రాజుల కాలం నాటి శాసనాలు చెక్కి ఉంటాయి. పిల్లలకు అవి పట్టవు గాని, ఆవరణలో పెంచుతున్న నక్షత్ర తాబేళ్ళు పడతాయి. వీపు మీద పసుపు గీతలు నక్షత్రాల్లా విచ్చుకుని ఉంటాయి. ఆకుకూర వేస్తే వాటి నడక కూడా కాస్త వేగం పుంజుకోవడం చూస్తారు.

శాలిహుండం ఎండ ఎక్కకముందే ఎక్కండి. వంశధార ఒడ్డున చిన్న కొండ, దాని మీద ఇటుకలతో కట్టిన బౌద్ధ స్తూపాలు, చైత్యాల పునాదులు. 1919లో ఈ చోటును వెలుగులోకి తెచ్చినది మన గిడుగు రామమూర్తి పంతులుగారే. వాడుక భాష కోసం ఆయన పడిన పాట్లు అందరూ చెబుతారు గాని ఈ సంగతి ఎవరూ చెప్పరు. దిగువన ఉన్న మ్యూజియంలో బౌద్ధ దేవతలైన తార, మారీచి విగ్రహాలను తప్పకుండా చూడు. ఆ తరువాత పైకి వెళ్ళి తూర్పుకు తిరిగి నిలబడితే నది సముద్రం వైపు సాగిపోవడం కనిపిస్తుంది. ఇంత మంది భిక్షువులు ఈ కొండమీద ఎందుకు కాపురం పెట్టారన్న ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది. రేవూ, వర్తకులూ, వర్తకుల దానాలూ లేనిచోట ఇన్ని ఇటుకలు పేరవు.

కళింగపట్నానికి సాయంత్రం చేరండి. పాత లైట్‌హౌస్ చూసి ఊరుకోకుండా ఒడ్డు వెంట ఉత్తరంగా నడిస్తే వంశధార సముద్రంలో కలిసే చోటు వస్తుంది. అక్కడ ఇసుకమేట ఏటా చోటు మారుతుంది, నది నోరు ఒకసారి ఇటు, ఒకసారి అటు. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాను, పిల్లలను ఆ ముఖద్వారం దగ్గర నీళ్ళలోకి దిగనివ్వకు. పైకి నిదానంగా కనిపించినా లోపల లాగుడు ఉంటుంది. ఈ తీరంలో చాలాచోట్ల ఒడ్డు ఒక్కసారిగా లోతైపోతుంది, ఈల ఊది వెనక్కి పిలిచే కాపలావాళ్ళు కూడా ఉండరు. కార్తీక వనభోజనాలకు వచ్చి స్నానానికి దిగి కొట్టుకుపోయినవారి వార్తలు ప్రతి ఏడూ పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఎక్కడ దిగవచ్చో ఒడ్డున వల బాగుచేసుకుంటున్న పెద్దమనిషిని అడుగు, ఆయన చెప్పిన చోటే దిగు.

తెల్లవారుజామున లేవగలిగితే అలివి వల లాగడం చూడవచ్చు. పడవ మీద వలను తీసుకెళ్ళి సముద్రంలో అర్ధచంద్రాకారంగా పరిచి వస్తారు. దాని రెండు కొసల తాళ్ళూ ఒడ్డుమీద రెండు గుంపుల చేతుల్లో ఉంటాయి. ఒక్కొక్కరు నడుముకు తాడు ఆన్చుకుని, మడమలు ఇసుకలో గుచ్చి, వెనక్కి వెనక్కి నడుస్తారు. చివరిదాకా వెళ్ళిన మనిషి తాడు వదిలి మళ్ళీ నీళ్ళ దగ్గరికి వచ్చి ముందు వరసలో పట్టుకుంటాడు. రెండు గుంపులూ మెల్లగా దగ్గరవుతుంటే తట్టలు పట్టుకున్న ఆడవాళ్ళు కూడా లేచి దగ్గరకు వస్తారు. గంటల తరబడి లాగాక వల సంచి ఒడ్డెక్కితే అందులో ఒక్కోసారి నెత్తళ్ళు, కవ్వళ్ళు వంటి చిన్న చేపలు తప్ప ఏమీ ఉండవు. కానాగంతలు పడ్డ రోజు వేలంపాట గొంతులు హెచ్చుతాయి. లాగుతున్నవాళ్ళ వయసు గమనించు. జనవరిలో నీకు కనిపించేవాళ్ళు ఎక్కువగా నడివయసు దాటినవాళ్ళూ, ఆడవాళ్ళూ, బడి ఎగ్గొట్టిన పిల్లలూనే.

కుర్రాళ్ళు గుజరాత్‌లోని వేరావల్‌లో ఉంటారు. వానాకాలం చివర వెళ్ళి అక్కడి మర పడవల మీద జీతానికి వేట చేసి వేసవికి తిరిగి వస్తారు. ఇక్కడ పెద్ద పడవ నిలుపుకోవడానికి తగిన రేవు లేకపోవడమే అందుకు ముఖ్య కారణమని ఎవరిని అడిగినా చెబుతారు. 2018 నవంబరులో ఆ సముద్రంలోనే వేటాడుతూ పాకిస్తాన్ చేతికి చిక్కిన మన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2020 జనవరిలో, సంక్రాంతికి కొద్ది రోజుల ముందు, వాఘా దగ్గర మళ్ళీ మన నేల మీద కాలు పెట్టారు. మనం విశ్రాంతికి వెళ్ళే ఒడ్డున ఇళ్ళకు ఇళ్ళు మగదిక్కు లేకుండా పండగ చేసుకుంటాయి. నిన్ను బాధపెట్టాలని రాయలేదు. ఆ ఊళ్ళో ఎవరైనా "ఎక్కడినుంచి వచ్చారు బాబూ?" అని పలకరిస్తే తొందరపడకుండా నిలబడి మాట్లాడతావనే రాశాను.

రెండో రోజు హైవే మీద టెక్కలి వైపు సాగండి. నౌపడా ఉప్పు మడులు దారిలోనే. మడుల్లో ఉప్పు తేలడం జనవరిలో మొదలై ఎండలు ముదిరేకొద్దీ జోరందుకుంటుంది గనుక మీరు వెళ్ళేసరికి కుప్పలు చిన్నవిగానే ఉంటాయి. పర్లాకిమిడి రాజావారు 1900లో వేయించిన చిన్న రైలు ఈ నౌపడా నుంచే బయలుదేరేది. 2011లో దాన్ని పెద్ద లైనుగా మార్చి గుణుపురం దాకా నడుపుతున్నారు. పక్కనే తేలినీలాపురం. అక్కడ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు ఊరి మధ్య చెట్ల మీదే గూళ్ళు కట్టుకుని పిల్లలను పెంచుతాయి. సంక్రాంతి నాటికి గూళ్ళ నిండా పిల్లలు ఉంటాయి, కింద వాసన కూడా ఉంటుంది, చెల్లెమ్మను ముందే హెచ్చరించు. సైబీరియా నుంచి వస్తాయని ప్రతివారూ చెబుతారు. మర్యాదకు తల ఊపు గాని నమ్మకు, ఆ రెండు జాతులూ మన దేశపువే, గూడు పెట్టుకునే కాలానికి ఇక్కడికి చేరతాయి.

అక్కడికి దగ్గరలోనే భావనపాడు తీరం. ఆ పక్కన మూలపేటలో 2023లో పెద్ద ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది, పనులు సాగుతున్నాయి. "అయ్యో, ఇది కూడా పోతుందా!" అని నువ్వు నిట్టూరుస్తావని తెలుసు. నాకు అంత నిట్టూర్పు రాదు. పిల్లవాడు వేరావల్ పోకుండా ఇంటి దగ్గరే పని దొరుకుతుందంటే ఆ తల్లికి నీ ప్రశాంతత కంటే క్రేన్ల చప్పుడే ఇంపుగా వినిపించవచ్చు. అయితే రేవు కట్టిన చోట పక్క ఒడ్డు కోసుకుపోవడం తూర్పు తీరమంతటా చూశాం గనుక, ఉద్యోగాలూ ఒడ్డూ రెండూ దక్కుతాయా అన్న అనుమానం మాత్రం నాకూ ఉంది.

బారువకు ఎక్కువ సమయం ఉంచుకో, నాకు అన్నిటికంటే ఇష్టమైన ఊరు అదే. పలాస దాటితే ఉద్దానం మొదలవుతుంది. కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాని నీడలో ఒకటి పెరిగే తోటలు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ తోటల మీదుగానే ఒడ్డెక్కింది. అప్పుడు నాటిన కొబ్బరి మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకు వస్తున్నాయి. తోటల మధ్య చెట్లన్నీ ఒకే ఎత్తున, అందీ అందని గెలలతో కనిపిస్తే అది ఆ తుపాను పోయాక వేసిన తోట అని గుర్తుపట్టు. బారువలో మహేంద్రతనయ నది సముద్రంలో కలుస్తుంది. ఆకాశం తేటగా ఉన్న ఉదయం వెనక్కి తిరిగి చూస్తే 1501 మీటర్ల మహేంద్రగిరి వాయవ్యాన నిలబడి ఉంటుంది. ముందు సముద్రం, వెనక కొండ, మధ్యన కొబ్బరితోట, ఇంత దగ్గర దగ్గరగా మన రాష్ట్రంలో ఇంకెక్కడా నేను చూడలేదు. 1917లో మంటలంటుకుని మునిగిన చిల్కా అనే ఓడ ఈ తీరంలోనే నీళ్ళ అడుగున ఉంది. ఊళ్ళో పెద్దవాళ్ళను కదిపితే దాని కథలు బోలెడు చెబుతారు, అన్నీ ఒకదానితో ఒకటి సరిపోవు.

జనవరి నుంచి మార్చి దాకా ఈ ఒడ్డుకు సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి. రాత్రి వేళ తల్లి తాబేలు తడి ఇసుక దాటి పైకి పాకి, వెనక కాళ్ళతో గొయ్యి తీసి, నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, దాని మీద తన డొప్పతో అటూ ఇటూ అదిమి చదును చేసి పోతుంది. నక్కలూ కుక్కలూ తవ్వుకు తినకుండా ఆ గుడ్లను వలలు కట్టిన దొడ్లలోకి మార్చి కాపాడతారు. పిల్లలు బయటకు రావడానికి సుమారు యాభై రోజులు పడుతుంది గనుక, మీకు సంక్రాంతికి తాబేలు పిల్లలు కనిపిస్తాయని ఆశపెట్టలేను. తల్లి తాబేలు ట్రాలరు వలలో ఊపిరాడక చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన దృశ్యం మాత్రం కనిపించవచ్చు. చిన్నవాడు అడిగితే నిజమే చెప్పు. రాత్రి ఒడ్డుకు వెళ్తే టార్చిలైటు వేయకండి, వెలుగు చూస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కి మళ్ళిపోతుంది.

భోజనం గురించి నువ్వు అడగలేదు గాని నీ గురించి నాకు తెలుసు. వంజరం, చందువ దొరికితే అదృష్టం, దొరకకపోతే నెత్తళ్ళ వేపుడు అడిగి చేయించుకో. ఒడ్డున చేప కొని ఊళ్ళో ఎవరింట్లోనైనా వండించుకోవడం మంచి పద్ధతి, ఎంత ఇవ్వాలో ముందే మాట్లాడుకుంటే ఇద్దరికీ మొహమాటం ఉండదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మర పడవల వేటకు నిషేధం గనుక వేసవి సెలవులకు వాయిదా వేస్తే తాజా చేప దొరకడం కష్టం. పలాసలో జీడిపప్పు కొనేటప్పుడు గుండు పప్పుకూ బద్దకూ ధర తేడా అడుగు. ఉప్మాలోకి బద్ద చాలునని మీ చెల్లెలు ఇక్కడినుంచి చెబుతోంది.

తిరుగు ప్రయాణం పలాసలోనే రైలెక్కేలా చూసుకో, మళ్ళీ శ్రీకాకుళం దాకా వెనక్కి రానక్కరలేదు. సంక్రాంతి టికెట్లు ఇప్పటికే వెయిటింగులో ఉంటాయి, ఈ ఉత్తరం చదవగానే ఆ పని చూడు. దారిలో విశాఖలో ఒక పూట ఆగుతానంటే స్టేషనుకు నేనే వస్తాను. అమ్మకు నా నమస్కారాలు, చెల్లెమ్మను, పిల్లలను అడిగానని చెప్పు.

నీ,
మూర్తి