మండల మంచినీటి సరఫరా అధికారి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

మా వీధి కుళాయికి నీళ్లు వదిలే వేళ మధ్యాహ్నం రెండు గంటలు. రోహిణి కార్తె ఎండలో ఆ సమయానికి కుక్కలు కూడా రచ్చబండ దగ్గరి వేపచెట్టు నీడ వదిలి కదలవు. మేము మాత్రం కొంగు నెత్తిన కప్పుకొని, కాళ్లు కాలకుండా సిమెంటు రోడ్డు మీద తడి గోనెసంచి పరుచుకొని బిందెలతో నిలబడతాం.

మొన్న మా పక్కింటి పెద్దమ్మ ఆవకాయ పెడుతోంది. ముక్కలు ఒక్కొక్కటే పొడిగుడ్డతో తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు బేసినులో కలిపి, నూనె వంచబోతుండగా "నీళ్లు వచ్చాయి" అని కేక. తడి తగిలితే బూజు పడుతుందని మనవరాలిని కూడా గడప దాటనివ్వని మనిషి, కారం చేతులు కడుక్కొని బిందె పట్టుకుంది. తిరిగి వచ్చాక చేతులు పూర్తిగా ఆరేదాకా ముక్కల ముందు కూర్చుంది. ఆవకాయ బాగానే కుదిరింది లెండి, అది వేరే సంగతి.

జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు రావాలి. ఆ లెక్క తర్వాత చూసుకుందాం. ఇప్పుడు అడిగేది వేళ మార్చమనే. రాత్రే ట్యాంకు నింపి తెల్లవారి ఐదున్నరకు వదలవచ్చని మోటారు చూసే అబ్బాయే అంటున్నాడు.

మారిస్తే ముందురోజు సాయంత్రం పంచాయతీ మైకులో చెప్పించండి. ఫోనుకు మెసేజీ పంపితే పెద్దమ్మకు చదవడం రాదు.

ఇట్లు,
చివరి వీధి ఆడవాళ్ల తరఫున ఒక కోడలు