చూరు గట్టరు శుభ్రానికి మనిషి రేకుల మీదికి ఎక్కవలసిందేనా?

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

మే నెల సగం గడిచేసరికి గోదావరి జిల్లాల రైస్ మిల్లుల్లో, ఎరువుల గోదాముల్లో, రేకుల షెడ్లలో నడిచే బడుల్లో అందరికీ ఒక పని గుర్తుకు వస్తుంది. తొలకరి పడేలోగా చూరు గట్టర్లలో, అంటే రేకుల అంచున వాన నీటిని పట్టే తొట్లలో, పేరుకున్న చెత్త తీయించాలి. దానికి నేటికీ మనం సిద్ధం చేసుకునేది ఒక వెదురు నిచ్చెన, ఒక గమేళా, ఒక తాపీ, ఆ పూట కూలి దొరికితే చాలుననుకునే ఒక మనిషి. ముప్పై ఏళ్లకు పైగా మిల్లుల్లో మెకానిక్‌గా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా, ఈ పనిని నేల మీద నిలబడి గాలి పీల్చే యంత్రంతో చేయవచ్చునని, వీలున్న చోటల్లా అలాగే చేయించాలని మీ పత్రిక ద్వారా మనవి చేసుకుంటున్నాను.

మిల్లు గట్టరులో ఏముంటుందో చూడనివారి కోసం కొంత చెప్పాలి. ఊక దుమ్ము, తవుడు పొడి ఏడాది పొడవునా రేకుల మీద పడుతుంటాయి. మొదటి జల్లు వాటిని కడిగి గట్టరులోకి చేరుస్తుంది. మాఘ ఫాల్గుణాల్లో రాలిన వేపాకు దానికి తోడవుతుంది. అడుగున ఉన్నది నల్లగా కుళ్లి బురదవుతుంది, పైనున్నది ఎండకు అట్ట కడుతుంది. పిట్టలు జారవిడిచిన ధాన్యపు గింజలు అందులో మొలకెత్తి జూలై నాటికి గట్టరు పొడవునా నారుమడిలా పచ్చగా కనిపించడం నేను చాలాసార్లు చూశాను. ఒకసారి గట్టరు నీటిని నేలకు దించే డౌన్‌పైపు మూతిలోకి వేళ్లు దించిన రావి మొక్కను పీకితే, మూరెడు వేరు పైపు ఆకారంలోనే గుండ్రంగా చుట్టుకుని బయటికి వచ్చింది. అలా మూసుకుపోయినప్పుడు వాన నీరు గట్టరు అంచు దాటి లోపలి గోడ వెంట దిగి, నిల్వ ఉన్న బియ్యం బస్తాల అడుగు వరుసను తడిపేస్తుంది. వాన వెలిశాక మిగిలిన నీటిలో డెంగీని మోసే దోమ వారం పది రోజుల్లో గుడ్డు నుంచి రెక్కల దోమగా మారుతుంది. శుక్రవారం డ్రై డే అని పూలకుండీల పళ్లేలు, పాత టైర్లు ఒంపిస్తున్నాం గానీ, తలపైన ఉన్న ఈ తొట్టి ఎవరి కంటా పడదు.

కాబట్టి శుభ్రం చేయడం అవసరమా అన్న ప్రశ్న లేదు. ఎవరు, ఎక్కడ నిలబడి చేయాలన్నదే నా విషయం.

సిమెంటు రేకు చూడటానికి గట్టిగా ఉంటుంది. పదిహేను ఇరవై ఏళ్లు ఎండకూ వానకూ నానిన తర్వాత, పైన నాచు పట్టిన తర్వాత, అది ఎక్కడ విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. పాతకాపులు రేకులను బిగించే జె-బోల్టుల వరుస మీదే అడుగు వేస్తారు, ఎందుకంటే ఆ వరుస కింద రేకులను మోసే ఇనుప పర్లిన్ ఉంటుంది. నేను పనిచేసిన ఒక మిల్లులో ఇరవై రెండేళ్ల కుర్రవాడు నిండు గమేళా భుజాన పెట్టుకుని వెనక్కి తిరుగుతూ బోల్టుల వరుస తప్పాడు. కింద నిచ్చెన పట్టుకుని ఉన్నవాణ్ని నేనే. రేకు విరిగిన చప్పుడు, గమేళా దొర్లిన చప్పుడు ఒకేసారి వినిపించాయి. అతను ఇరవై అడుగుల కిందనున్న ఖాళీ గోనెసంచుల గుట్ట మీద పడ్డాడు గనుక బతికాడు. తుంటి విరిగింది. ఆసుపత్రి ఖర్చు యాజమాన్యమే పెట్టుకుంది, అందులో లోపం లేదు. ఆ తర్వాత అతను మళ్లీ బస్తా ఎత్తలేదు.

ఎత్తున పనిచేసేవారు పడిపోకుండా కంచెతోనో మరో విధంగానో రక్షణ కల్పించాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 32వ సెక్షన్‌లోనే చెప్పారు. బ్రిటన్‌లో 2005లో తెచ్చిన నిబంధనలు మరో మెట్టు ముందు నుంచి మొదలవుతాయి. ఎక్కకుండా చేయగలిగిన పని అయితే అసలు ఎక్కించవద్దు, తప్పనిసరైతే పడకుండా చూడు, ఆ తర్వాతే పడినా దెబ్బ తీవ్రత తగ్గేలా చూడు అన్నది వాటి వరుస. మనవాళ్లకు భద్రత అనగానే బెల్టు గుర్తుకొస్తుంది. ఆ బెల్టు కొక్కేన్ని తగిలించడానికి సిమెంటు రేకుల కప్పు మీద గట్టి ఆధారం ఎక్కడుంటుందో మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంగ్లండులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, నవంబరులో ఆకు రాలే రోజుల్లో, ఈ యంత్రాన్ని మొదటిసారి చూశాను. ఒకే ఒక మనిషి వ్యానులో వచ్చాడు. పీపా అంత యంత్రాన్ని వాకిట్లో దించి, కార్బన్ ఫైబర్ గొట్టాలను ఒకదానిలో ఒకటి దూర్చి రెండంతస్తుల ఎత్తు దాకా నిలబెట్టాడు. గొట్టం కొసన హంస మెడలాంటి వంపు, దాని పక్కన వేలెడంత కెమెరా ఉన్నాయి. కాలిబాట మీద నిలబడి, చేతిలోని చిన్న తెర చూసుకుంటూ గట్టరు వెంట నడిచాడు. ముందు తీసిన ఫొటోను, తర్వాత తీసిన ఫొటోను పక్కపక్కన చూపించి డబ్బు తీసుకున్నాడు. ఆ ఫొటోల పద్ధతి నాకు యంత్రం కన్నా ఎక్కువ నచ్చింది. మన దగ్గర గట్టరు నిజంగా శుభ్రమైందో లేదో తేలేది మొదటి వానకే.

అంత ఎత్తు నుంచి పీల్చడం సాధ్యమా అని ఇక్కడ చాలామంది నన్ను అడిగారు. చెత్తను యంత్రం పైకి లాగవలసింది వంపు దాటే జానెడు ఎత్తు వరకే. ఆ తర్వాత అంతా దిగుడే గనుక బరువే దాన్ని కిందికి తెస్తుంది. అసలు ఇబ్బంది గాలి వేగం దగ్గర వస్తుంది. గొట్టం పొడుగయ్యేకొద్దీ రాపిడి వల్ల వేగం తగ్గుతుంది, అతుకుల దగ్గర గాలి చొరబడితే ఇంకా తగ్గుతుంది. అందుకే ఈ పనికి రెండు మూడు మోటార్లున్న, తడి చెత్తను కూడా తట్టుకునే యంత్రం కావాలి. ఇంట్లో సోఫాలు దులిపే వాక్యూమ్ క్లీనరులోకి నీళ్లు పోతే మోటారు కాలిపోతుంది, పక్కనున్నవారికి షాకు కొట్టే ప్రమాదమూ ఉంది.

ఊరికే చెప్పడం ఎందుకని, తిరిగి వచ్చాక తెలిసినవారి వాటర్ సర్వీసింగ్ సెంటరులో కార్ల లోపల శుభ్రం చేసే రెండు మోటార్ల యంత్రాన్ని అడిగి తెచ్చుకుని, రెండు అంగుళాల పీవీసీ పైపుతో ప్రయత్నించాను. పన్నెండు అడుగుల ఎత్తున పని జరిగింది. ఇరవై అడుగులకు పైపు గాలం కర్రలా ఊగిపోయింది. గడ్డి పరకలు ఎల్బో (పైపును ఒక్కసారిగా మలిపే ముక్క) దగ్గర అడ్డంపడి పైపు మూసుకుపోతుంటే, ఎల్బో తీసేసి పొడుగు వంపున్న బెండు వేశాక ఆ బాధ తగ్గింది. ఎండి అట్టకట్టిన చెత్త కదలనే లేదు. ముందు నీళ్లు చిమ్మి అరగంట నానబెడితే తేలికగా వచ్చింది. పైపు మూతిని నేరుగా బురదలో ముంచితే గాలి అందక యంత్రం మూలుగుతుంది. మూతిని ఏటవాలుగా కోసి, ఒక పక్క నుంచి గాలి ఆడేలా పెట్టుకోవాలి. వీటిలో దేనికీ పెద్ద చదువు అక్కరలేదు, ఊరి ప్లంబరు ఒక పూటలో నేర్చుకోగలడు.

అయితే కొన్ని జాగ్రత్తలు చెప్పకపోతే ఈ ఉత్తరం కొత్త ప్రమాదాలకు కారణమవుతుంది. అల్యూమినియంలాగే కార్బన్ ఫైబర్ గుండా కూడా కరెంటు ప్రవహిస్తుంది. మన వీధుల్లో కరెంటు తీగలు చూరును రాసుకుంటూ పోతుంటాయి గనుక, తీగలున్న వైపు సరఫరా ఆపించనిదే గొట్టం ఎత్తకూడదు. పాత సిమెంటు రేకుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది, రేకు అరిగేకొద్దీ ఆ పీచు గట్టరు బురదలోకి చేరుతుంది. ఆ బురదను తడిగానే తీసి సంచుల్లో మూట కట్టాలి తప్ప ఎండబెట్టి ఊడ్వరాదు. అటువంటి కప్పుల దగ్గర ఆ సన్నని పీచును పట్టి ఉంచే ప్రత్యేక ఫిల్టరు లేని యంత్రాన్ని వాడకపోవడమే మంచిది. రెండు కప్పుల నడుమ లోయలా ఉండే గట్టరుకు బయటి నుంచి ఏ గొట్టమూ అందదు. అక్కడ యాజమాన్యాలు ఇనుప నడక పలకలు, పట్టుకోవడానికి తీగ శాశ్వతంగా వేయించవలసిందే. వేళ్లూనిన రావి మొక్కను కూడా యంత్రం పెకలించలేదు, దాన్ని వేలెడంత ఉన్నప్పుడే చూసుకోవాలి.

ఒక్కొక్క మిల్లు ఒక్కొక్క యంత్రం కొని, ఏడాదికి రెండు రోజులు వాడి మూలన పడేయడం తెలివైన పని కాదు. రైతులకు దుక్కి యంత్రాలు, నూర్పిడి యంత్రాలు అద్దెకిచ్చే కస్టమ్ హైరింగ్ సెంటర్లు మన రెండు రాష్ట్రాలకూ కొత్త కాదు. మిల్లర్ల సంఘాలు పట్టణానికో యంత్రం కొని, ఐటీఐ చదివిన ఇద్దరు కుర్రవాళ్లకు శిక్షణ ఇచ్చి అద్దెకు తిప్పితే, అదే బండి బడులకూ గోదాములకూ వెళుతుంది. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించకుండా, ఇరుకు సందుల్లోకి కూడా వెళ్లి, నీటిని బలంగా చిమ్మి మురుగు పైపుల అడ్డు తొలగించే చిన్న జెట్టింగ్ యంత్రాలను హైదరాబాద్ జలమండలి 2017లో రంగంలోకి దింపినప్పుడు మనమంతా మెచ్చుకున్నాం. రేకుల మీదికి ఎక్కే మనిషి విషయంలోనూ ఫ్యాక్టరీల శాఖ ఆ చొరవ చూపి, వేసవి తనిఖీలకు వెళ్లినప్పుడు గట్టరు ఎలా శుభ్రం చేయిస్తున్నారని ఒక్క ప్రశ్న అడగాలని కోరుతున్నాను. పాఠశాల విద్యాశాఖ వారైతే, బడులు తెరిచే ముందు రోజున పిల్లల చేతనో, అటెండరు చేతనో ఈ పని చేయించరాదని స్పష్టంగా ఉత్తర్వులు ఇవ్వాలి.

నేను తయారుచేసిన పైపు అమరిక ఇప్పటికీ మా పెరటి గోడకు ఆనించి ఉంది. మా ఊరి మిల్లులవారెవరైనా వచ్చి కొలతలు తీసుకుంటామంటే సంతోషం, ఈ తొలకరికి ఇంకా మూడు వారాల వ్యవధి ఉంది.

ఇట్లు,
ఒక విశ్రాంత మిల్లు మెకానిక్,
పశ్చిమ గోదావరి జిల్లా