రేకుల షెడ్డు సంగతి

ఒరే బావా,

సంక్రాంతికి రాస్తానని చెప్పి ఫిబ్రవరి దాకా లాగాను. కోప్పడకు. అమ్మ మోకాలు కాస్త నయం. ధాన్యం డబ్బులు పడ్డాయి. బుడ్డోడికి పళ్ళొస్తున్నాయి, రాత్రిళ్ళు ఎవరికీ నిద్ర లేదు. ఇక అసలు సంగతి విను.

చెరువుగట్టు కింద చెత్త షెడ్డు గుర్తుందా? గోడ మీద ‘చెత్త నుంచి సంపద తయారీ కేంద్రం’ అని రాసి ఉంటుంది, నువ్వొచ్చినప్పుడు తాళం వేసుంది. దాన్ని బాగుచేయాలని జనవరి 26 గ్రామసభలో పెట్టారు. పంచాయతీకి కేంద్రం నుంచి వచ్చే ఆర్థిక సంఘం డబ్బులో కొంత భాగం నీళ్ళకీ పారిశుద్ధ్యానికే వాడాలి కదా, కాబట్టి డబ్బుకి ఇబ్బంది లేదు. ప్రహరీ కట్టి, రంగులేసి, ప్లాస్టిక్ ముక్కలు చేసే మిషన్ ఒకటి కొందామన్నారు. అందరం తలూపాం. నేనూ ఊపాను.

అప్పుడు లేచింది రేకులిల్లు పిన్ని. అవును, మన జామకాయల పిన్నే! నాలుగేళ్ళుగా గ్రీన్ అంబాసిడర్‌గా, అదే, ఇంటింటికీ తిరిగి చెత్త ఎత్తే పనిలో, రిక్షా తొక్కుతోంది. గోనె సంచి తెచ్చి సభ మధ్యలో బోర్లించింది. అన్నీ చిప్స్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు. "సీసాలు, అట్టలు, ఇనుము పాత సామాన్లోడు కొంటాడు. ఇయ్యి ఎవుడూ కొనడు. ఏటి సేయమంటారు బాబూ?" అంది. ఎవరూ నోరెత్తలేదు. షెడ్డు నిండిపోయి సాయంత్రాలు వెనకాల కాల్చేస్తున్నారట. ఆ పొగంతా పీల్చేది ఆవిడే. ఆ దగ్గు మనం చలికాలం దగ్గనుకున్నాం రా.

తర్వాత సుద్దముక్క తీసుకుని బడి అరుగు మీద గీసి చూపించింది. తడి చెత్తని ముందు పేడనీళ్ళు చల్లి పదిహేను ఇరవై రోజులు మగ్గనివ్వాలి, లేకపోతే ఆ వేడికి వానపాములు చచ్చిపోతాయి. పాముల్ని వదిలాక ఎరువవడానికి ఇంకో రెండు నెలలు. మనకున్నవి రెండు తొట్లు, నెలకొకటి నిండుతుంది. "మరి మూడో నెల సెత్త ఏ తొట్లో పొయ్యాలి?" అంది. అంతే బావా, ఆ ఒక్క ప్రశ్నతో అందరికీ అర్థమైపోయింది. ఇన్నాళ్ళూ జనం చెత్త వేరు చేసివ్వట్లేదనే తిట్టుకున్నాం. ఇచ్చినవాళ్ళది కూడా చివరికి గట్టు కిందే పడుతోంది!

నాకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎందుకో మన ఎనిమిదో తరగతి లెక్కల మేష్టారు... సరే, అది మళ్ళీ చెప్తాను.

చివరికి తీర్మానం మార్చారు. మిషన్ తర్వాత, ముందు ఆరు తొట్లు. వాటి మీద రేకులు, ఒక కుళాయి. తుఫానుకి నీళ్ళు రాకుండా నేల రెండడుగులు ఎత్తు చేస్తారు. ఎవరూ కొనని కవర్లకి వేరే గది. అవి పోగయ్యాక చుట్టుపక్కల ఊళ్ళవీ కలిపి లారీకెత్తితే సిమెంటు ఫ్యాక్టరీ బట్టీలో బొగ్గుతోపాటు కాలుస్తారు, ఒక్క ఊరివైతే లారీ కిరాయికే సరిపోదు. పక్కనున్న పోరంబోకు కూడా షెడ్డుకే అట్టేపెట్టమని నేను అడిగాను. రోడ్డు వారన లేఅవుట్లు చూశావుగా, ఇరవై ఏళ్ళకి ఊరు రెండింతలవుతుంది, అప్పుడు జాగా ఎక్కడ వెతుక్కుంటాం? దానికి కొందరు ఒప్పుకోలేదు. కల్యాణమండపం కావాలట. ఆ గొడవ ఇంకా తేలలేదు. నువ్వు మీ పెదనాన్నకి ఒక్క ఫోన్ చెయ్యి, నీ మాటైతే వింటాడు. ఆ జామచెట్టు ఒట్టు మీద అడుగుతున్నా.

పిన్నిని ఆస్పత్రిలో చూపించాం, ఎక్స్‌రే తీశారు, రిపోర్టు రేపు

తమ్ముడి ఆటో వచ్చేసింది, హారన్ కొడుతున్నాడు. వాడిచ్చే సంచిలో పిన్ని చేసిన ఎరువు కిలో ఉంది, మీ బాల్కనీ తులసికి వెయ్యి. ఉంటాను.

నీ
బావ