స్ప్రేయర్ మోటారును పరీక్షించాకే మార్చాలి

సంపాదకులకు నమస్కారం.

సార్వా వరిలో సుడిదోమ ఉద్ధృతి పెరిగే రోజుల్లో పాలకొల్లు, రాజోలు, అమలాపురం ప్రాంతాల్లో ఎందరో రైతులకు వీపున మోసే బ్యాటరీ స్ప్రేయరే ఆధారం. సరిగ్గా అప్పుడే అది ఆగిపోతే మరమ్మతు దుకాణంలో తరచుగా వినిపించే మాట ‘మోటారు కాలిపోయింది, కొత్తది వేయాలి’ అన్నదే. ఏ పరీక్షా లేకుండా చెప్పే ఈ మాట వల్ల రైతు డబ్బూ పోతోంది, మందు కొట్టాల్సిన అదనూ దాటిపోతోంది.

మోటారును తప్పుపట్టే ముందు బ్యాటరీని చూడాలి. పూర్తిగా ఛార్జయి కొన్ని గంటలు ఊరికే ఉన్న 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ మల్టీమీటరులో (వోల్టేజీ, నిరోధం కొలిచే పరికరం) సుమారు 12.7 వోల్టులు చూపుతుంది. ఆ అంకె ఒక్కటే చాలదు. సత్తువ ఉడిగిన బ్యాటరీ కూడా పని లేనప్పుడు 12కు పైగానే చూపి, స్విచ్ వేయగానే 10.5 కిందికి జారిపోవచ్చు. అందుకే స్విచ్ వేసి ఉండగానే బ్యాటరీ కొనల దగ్గర ఒకసారి, మోటారు కొనల దగ్గర ఒకసారి కొలవాలి. వేగాన్ని తగ్గించే, పెంచే రెగ్యులేటరు పూర్తి వేగం మీద ఉన్నప్పుడు బ్యాటరీ దగ్గర 12.3, మోటారు దగ్గర 10 మాత్రమే ఉంటే లోపం మధ్యలోని స్విచ్‌లోనో, రెగ్యులేటరులోనో, తీగల అతుకుల్లోనో ఉన్నట్టే. ఉప్పుగాలి తగిలే మన తీర గ్రామాల్లో, పైగా మందునీళ్లు కారే యంత్రంలో, రాగి కొనలకు చిలుము పట్టడం సహజం. గీకి శుభ్రం చేసి బిగిస్తే సరిపోయే చోట మోటారునే మార్చేస్తున్నారు, ఇదే నా బాధ.

అక్కడా లోపం లేకపోతే మోటారు తీగలు విడదీసి, మధ్యలో ఫ్యూజు పెట్టి, మంచి బ్యాటరీకి నేరుగా కలపాలి. మూలిగి ఆగిపోతే పంపు తలను విప్పి మళ్లీ చూడాలి, ఎందుకంటే పంపులో ఎండి గడ్డకట్టిన మందే అడ్డు కావచ్చు. తిరగని మోటారుకు స్విచ్ అలాగే వేసి ఉంచడం మాత్రం ప్రమాదం: తిరిగే మోటారులో పుట్టి కరెంటును అదుపులో ఉంచే ఎదురు వోల్టేజీ అందులో పుట్టదు కనుక కరెంటు ఎన్నో రెట్లు పెరిగి వైండింగును (లోపలి రాగి తీగ చుట్టను) నిజంగానే కాల్చేస్తుంది. అసలు చలనమే లేకపోతే బ్యాటరీ తీసేసి, మీటరును ఓమ్‌ల (నిరోధం కొలత) మీద పెట్టి, దాని తీగలను మోటారు కొనలకు ఆనించి, ఇరుసును చేత్తో నెమ్మదిగా తిప్పాలి. కొలత మధ్యమధ్య తెగిపోతుంటే మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్షులు అరిగాయేమో, అవి ఆనే కమ్యుటేటరుకు మసి పట్టిందేమో చూడాలి.

నాట్లు ముగిసి మందుల పని మొదలయ్యేలోగా రైతు సేవా కేంద్రాల్లో ఒక మల్టీమీటరు ఉంచి, శుభ్రంగా కడిగి తెచ్చిన స్ప్రేయర్లను దగ్గరి ఐటీఐ ఎలక్ట్రీషియన్ విద్యార్థుల చేత పరీక్షింపజేసే ఏర్పాటు వ్యవసాయ శాఖ చేయాలని కోరుతున్నాను. దుకాణదారులు కూడా మోటారు మార్చే ముందు రైతు కళ్లెదుటే మీటరు పెట్టి చూపాలి, తీసిన పాత మోటారును రైతుకే ఇవ్వాలి, బ్రష్షులూ స్విచ్‌లూ విడిగా అమ్మాలి.

– ఒక రైతు, రాజోలు, కోనసీమ