చర్చి పెద్దల మధ్యవర్తిత్వంపై ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రధాన కార్యదర్శి గారికి,

బీగిల్ జలసంధి దీవుల వివాదంతో 1978లో యుద్ధం అంచుకు చేరిన అర్జెంటీనా, చిలీలను పోప్ రెండవ జాన్ పాల్ దూతగా కార్డినల్ ఆంటోనియో సమోరే చర్చలకు ఒప్పించగా, ఓపికతో సాగిన ఆ ప్రయత్నం 1984లో వాటికన్‌లో ఒప్పందంగా ముగిసింది. దాన్ని చూడకుండానే సమోరే 1983లో కన్నుమూశారు.

కాంగో ప్రజాస్వామ్య గణతంత్రంలో అలా జరగలేదు. 2016 డిసెంబరు 31న కతోలిక బిషప్పులు కుదిర్చిన ఒప్పందం ప్రకారం 2017లో జరగవలసిన ఎన్నికలు 2018 చివరికి గానీ జరగలేదు, ఎందుకంటే పాలకుల చేత మాట నిలబెట్టించే అధికారం బిషప్పులకు లేదు.

కాబట్టి మతపెద్దలు కుదిర్చిన ఒప్పందాల అమలు గడువులను మీ ప్రతినిధులు మొదటి రోజు నుంచే పర్యవేక్షించాలనీ, బహిరంగంగా ఒక పక్షం వహించిన మతపెద్దను మధ్యవర్తిగా అంగీకరించవద్దనీ కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు